గడువు ముగిసినా తెరవని తాళం: ఒక మహిళల హోం నుంచి కేస్ స్టడీ

2022 నవంబరులో ఒక మంగళవారం ఉదయం అనంతపురం జిల్లాలోని ఒక మహిళల హోంకు, న్యాయసేవాధికార సంస్థ తరఫున ఉచితంగా వాదించే ప్యానెల్ న్యాయవాదిగా మొదటిసారి వెళ్లాను. వ్యభిచార గృహాల నుంచి పోలీసులు కాపాడి తెచ్చిన స్త్రీలను ఉంచే చోటు అది. నాతో పాటు ఒక పారాలీగల్ వాలంటీర్, అంటే న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్త, వచ్చారు. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, పుణెకో ఢిల్లీకో వెళ్లి తిరిగిరాని ఆడపిల్లల ఇళ్లు ఎన్నో చూసిన మనిషి ఆమె. హోం గేటుకు ఒక తాళం, లోపల వరండా గ్రిల్‌కు మరో తాళం. మేట్రన్ రెండో తాళం చెవి వెతికి తెచ్చేంతసేపూ గ్రిల్ అవతల పద్నాలుగు మంది ఆడవాళ్లు నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. లోపల అడుగు పెట్టగానే ఒకామె ముందుకు వచ్చి, "నా వాయిదా ఎప్పుడు మేడమ్?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. సూపరింటెండెంట్‌ను అడిగితే ఆమె దగ్గరా లేదు. "కోర్టు నుంచి ఏదీ రాలేదమ్మా" అన్నారు. అడిగిన ఆమె మీద ఏ కేసూ లేదు. ఆమె బాధితురాలు. ఇంకొకరి మీద పెట్టిన కేసులో సాక్షి. అయినా ముద్దాయిలాగా వాయిదా కోసం ఎదురుచూస్తోంది.

ఆమె పేరు, ఊరు ఇక్కడ రాయను. లైంగిక దాడికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా రాయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 228ఎ ఇదే చెప్పేది. చట్టం చెప్పకపోయినా రాయను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను కూడా. హోంలో మాత్రం ఆమెను ఊరి పేరుతోనే పిలిచేవారు. ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు ఉండటంతో మొదలైన అలవాటట. తనది ఏ ఊరో ఎవరికీ తెలియకూడదని కోరుకునే మనిషిని రోజుకు పదిసార్లు ఆ ఊరి పేరుతో కేకేస్తే లోపల ఎంత కోత పెడుతుందో అక్కడ ఎవరికీ తట్టలేదు.

పుణె దాకా, అక్కడి నుంచి హోం దాకా

వయసు 27. వాన మీద ఆధారపడిన నాలుగెకరాల వేరుశనగ చేను, ఒక బిడ్డ, వదిలేసి వెళ్లిన భర్త. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా కాయ ఊరే వేళకు మొహం చాటేస్తే విత్తనం ఖర్చు కూడా రాదు. అలాంటి రెండేళ్లు వరుసగా వచ్చాక, బెంగళూరులో హోటల్ పని ఇప్పిస్తానని తెలిసినామె ఒకరు పిలిచారు. బెంగళూరులో ఒక రాత్రి ఉంచి పుణె తీసుకెళ్లారు. పద్నాలుగు నెలల తర్వాత, ఇచ్చిన అప్పు ఇంకా తీరలేదని చెప్పి, జిల్లాలోనే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక ఇంటికి మార్చారు. 2022 ఏప్రిల్ మూడో వారంలో పోలీసులు ఆ ఇంటి మీద దాడి చేశారు. ఇల్లు నడిపేవారిని అరెస్టు చేసి, ఈమెను మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి, హోంకు పంపారు.

ఇక్కడి దాకా అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ఆ తర్వాతే ఆగిపోయాయి.

ఇలాంటి కేసుల్లో పనిచేసేది అనైతిక వ్యాపార నిరోధక చట్టం, 1956. స్టేషన్లలో, కోర్టుల్లో అందరూ పీటా చట్టం అంటారు. దాని సెక్షన్ 17 చెప్పేది సూటిగా ఉంది. కాపాడి తెచ్చిన మనిషి వయసు, నేపథ్యం, ఇంటి పరిస్థితి ఏమిటో ప్రొబేషన్ ఆఫీసర్ ద్వారా మేజిస్ట్రేటు విచారణ జరిపించాలి. ఆ విచారణ జరుగుతున్నంత కాలం ఆమెను భద్రమైన చోట ఉంచవచ్చు, కానీ మూడు వారాలకు మించి ఉంచకూడదు. ఆమెకు సంరక్షణ అవసరమని విచారణలో తేలితే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, ఏడాదికి తగ్గకుండా మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ నిర్ణయంలో మేజిస్ట్రేటుకు సాయపడటానికి ఐదుగురు పెద్దమనుషుల బృందాన్ని పిలవవచ్చు. వీలైనంతవరకు అందులో ముగ్గురు స్త్రీలు ఉండాలి.

నేను చేసిన మొదటి పని ఉత్తర్వు కాపీ అడగడం. ఇలాంటి హోంలకు వెళ్లే ప్రతి న్యాయవాదికీ నేను చెప్పేది ఇదే: భోజనం ఎలా ఉందో, దుప్పట్లు ఉన్నాయో లేదో తర్వాత చూడవచ్చు, ముందు ప్రతి ఒక్కరి ఉత్తర్వు కాపీ చూడండి. సూపరింటెండెంట్ బీరువా తెరిచి ఒక ఫైలు తీశారు. అందులో ఉన్నది ఒకే ఒక్క కాగితం, ఏప్రిల్ నాటిది. మూడు వారాల కస్టడీ. అది మే రెండో వారంలో ముగిసింది. ఆ తర్వాత ఇంకో కాగితం లేదు. వేళ్ల మీద లెక్క వేశాను. దాదాపు 190 రోజులుగా ఆ స్త్రీ ఏ ఉత్తర్వూ లేకుండా రెండు తాళాల వెనుక ఉంది.

ఎవరు ఆపారు?

ఎవరూ ఆపలేదు. ఈ సంగతి అర్థం చేసుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. కదిరి అనంతపురం నుంచి విడిపోయి పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆమెను హాజరుపరిచేనాటికి కొత్త జిల్లా వయసు రెండు వారాలు. ఇంటి విచారణ చేయమన్న ఉత్తరం పాత లెక్క ప్రకారం ఒక కార్యాలయానికి వెళ్లింది. ఆ ఊరు తమ పరిధిలో లేదని అక్కడి నుంచి తిరిగి వచ్చింది. సరైన కార్యాలయానికి మళ్లీ పంపాల్సిన మనిషి బదిలీ మీద వెళ్లిపోయారు. ఉత్తరం ఫైలులో పడుకుంది. దానితో పాటు ఒక మనిషి జీవితం కూడా.

పోలీసులను కలిశాను. "సాక్షి కదా మేడమ్, బయటికి వదిలితే వాళ్లు బెదిరించి మాట మార్పిస్తారు" అన్నారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ మాట మారకుండా ఉండాలంటే మేజిస్ట్రేటు ముందు, అప్పట్లో అమల్లో ఉన్న దండ ప్రక్రియా స్మృతి సెక్షన్ 164 కింద ఆమె వాంగ్మూలం నమోదు చేయించాలి. ఏడు నెలల్లో అది జరగలేదు. సాక్ష్యం కోసమని మనిషిని దాచిపెట్టి, సాక్ష్యం మాత్రం తీసుకోలేదు.

సూపరింటెండెంట్ గురించి కొంచెం ఎక్కువే రాయాలి. ఎందుకంటే ఇలాంటి కథల్లో తప్పంతా ఆమె మీదికి తోయడం సులువు. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. ఇలాంటి స్త్రీల కోసం నడిచే ఉజ్జ్వల, స్వధార్ గృహాలను కేంద్రం మిషన్ శక్తి పథకంలో కలిపి శక్తి సదన్‌గా మార్చిన ఏడాది అది. నిధులు ఆలస్యమైన నెలల్లో పాలవాడికి తన చేతి డబ్బు ఇచ్చారు. మూడో సందర్శనలో, ఆఫీసు గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి వెనక గోడ దూకి వెళ్లిపోతే ఆమెకు వచ్చిన మెమో అది. సంజాయిషీ ఇవ్వాలని, లేకపోతే కాంట్రాక్టు పొడిగించబోమని ఉంది. గ్రిల్‌కు రెండో తాళం ఆ వారంలోనే పడిందట.

"అమ్మా, ఒకరు వెళ్లిపోతే నాకు మెమో వస్తుంది. ఎక్కువ రోజులు ఉంచినందుకు నాకు ఇంతవరకు ఎవరూ ఒక్క కాగితం పంపలేదు" అన్నారామె.

ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. గోడ దూకితే అధికారులందరికీ కనిపిస్తుంది. గడువు దాటితే ఎవరికీ కనిపించదు. కనిపించే తప్పుకే జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు, ఎంత మంచి మనిషైనా తాళం వేస్తుంది. ఆ క్షణం నుంచి నా పని ఒక్కటే అయింది: గడువు దాటడం కూడా కనిపించేలా చేయడం.

పళ్లెం అడుగున ఎర్ర చుక్క

ఉత్తర్వుల సంగతి అలా ఉండగా, లోపలి బతుకు గురించి కూడా రాయాలి.

రెండో సందర్శనలో భోజనం వేళ వరకు ఉన్నాను. కడిగి బోర్లించిన స్టీలు పళ్లేలలో రెండింటి అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టి ఉంది. ఏమిటని అడిగితే వంటామె తల దించుకుంది. ఆ రెండు పళ్లేలు హెచ్ఐవీ ఉన్న ఇద్దరివి. సరుకుల రిజిస్టరులో కూడా వాళ్ల పేర్ల పక్కన ఎర్ర సిరాతో అదే గుర్తు ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు, నన్ను వాయిదా అడిగిన ఆమె. తనకు హెచ్ఐవీ ఉందని ఆమెకు డాక్టరు చెప్పలేదు. పళ్లెం చెప్పింది.

ఇది ఎలా జరిగిందో వెనక్కి వెళ్లి చూశాను. మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచిన వ్యక్తికి వయసు నిర్ధారణ కోసం, దాడి గాయాల కోసం, లైంగిక వ్యాధుల కోసం వైద్య పరీక్ష చేయించాలని పీటా చట్టం సెక్షన్ 15లో ఉంది. దాని పేరు చెప్పి, అందరికీ కలిపి రక్తం తీసి, ఫలితాలు ఒకే కవరులో హోంకు పంపారు. కానీ 2018 సెప్టెంబరు 10 నుంచి హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం అమల్లో ఉంది. విషయం వివరించి ఒప్పుకోలు తీసుకోకుండా హెచ్ఐవీ పరీక్ష చేయరాదని, ఫలితాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పరాదని, దాని కారణంగా వివక్ష చూపరాదని అది స్పష్టంగా చెబుతోంది. కలిసి తింటే హెచ్ఐవీ అంటదని ఆ వంటామెకు తెలుసు. తెలిసినా, "పైవాళ్లు పెట్టమన్నారు, పెట్టాను" అంది.

పేలు పట్టాయని నలుగురికి జుట్టు కత్తిరించారు. వద్దని ఏడ్చినా ఆగలేదు. నెలసరికి నెలకు ఆరు ప్యాడ్లు. అయిపోతే మేట్రన్‌ను అందరి ముందూ అడగాలి. ఇంటికి ఫోను నెలకు ఒకసారి, సూపరింటెండెంట్ బల్ల ముందు నిలబడి, స్పీకరులో. రోజంతా కుట్టు మిషన్ల మీద స్కూలు యూనిఫారాలు కుట్టేవారు, అది శిక్షణ అన్నారు. బట్ట ఎవరిది, కూలి ఎవరికి వెళ్లింది అని అడిగితే జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

మానసిక చికిత్సాలయాల విషయంలో మనకు మంచి కొలమానం ఒకటి ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో సెక్షన్ 20 బలవంతంగా గుండు చేయరాదంటుంది. సొంత బట్టలు కట్టుకోనివ్వాలంటుంది. బలవంతంగా పని చేయించరాదని, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని, నెలసరి అవసరాలకు తగినన్ని ఏర్పాట్లు ఉండాలని చెబుతుంది. ఈ చట్టం మహిళల హోంలకు వర్తించదు. అయినా నా నివేదికలో ఆ సెక్షన్‌నే ముందు పెట్టాను. చికిత్సాలయంలో ఉన్న స్త్రీకి దక్కే మర్యాద, ఏ జబ్బూ ఏ నేరమూ లేకుండా హోంలో ఉన్న స్త్రీకి ఎందుకు దక్కదు? జీవించే హక్కుకు హామీ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం ఈ ఇద్దరినీ వేరు చేయలేదు.

ఈ బాధ కొత్తది కాదు. 1981లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు ఆగ్రా రక్షణ గృహంలోని స్త్రీల దుస్థితి మీద సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. జిల్లా జడ్జి స్వయంగా వెళ్లి చూసి నివేదికలు పంపేలా చేసింది. 1997లో ఆ గృహం పర్యవేక్షణను జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. ఆ ఉత్తర్వులు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: అక్కడ మార్పు తెచ్చింది కొత్త చట్టం కాదు, బయటి మనిషి మళ్లీ మళ్లీ వెళ్లి చూడటం.

నేను చేసిన తప్పు

డిసెంబరు మొదటి వారంలో ఆమె తరఫున పిటిషన్ వేశాను. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం ప్రతి స్త్రీకీ, అక్రమ రవాణా బాధితులకూ ఉచిత న్యాయ సహాయం హక్కు. రక్షణ గృహంలో ఉన్నవారిని కూడా కస్టడీలో ఉన్నవారిగానే లెక్కించి అదే సెక్షన్ ప్రత్యేకంగా చెబుతుంది. ఆ సంగతి ఏడు నెలల్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పిటిషన్‌లో ఆమెను తల్లికి అప్పగించాలని కోరాను. మనవాళ్లకు వెంటనే తోచే మాట అదే కదా, ఆడపిల్లను పుట్టింటికి పంపడం. తల్లిని కూడా పిలిపించాను. ఆ రోజు కోర్టు హాలులో మేజిస్ట్రేటు, "మీ అమ్మతో వెళ్తావా అమ్మా?" అని అడిగారు. ఆమె నేల చూస్తూ నిలబడింది. అవునని అనలేదు, కాదని అనలేదు. వాయిదా పడింది.

బయట వేపచెట్టు కింద వాలంటీర్ ఆమె పక్కన చాలాసేపు ఊరకే కూర్చున్నారు. చివరికి ఆమె నా వైపు తిరిగి అంది: "అమ్మ దగ్గరికి వెళ్తానని నేను మీకు చెప్పానా మేడమ్? నన్ను తీసుకెళ్లిన ఆ అక్క మా అమ్మ అరుగు మీదే కదా వచ్చి కూర్చునేది."

తల్లికి ఎంత తెలుసో, ఎంత తెలియదో నేను తేల్చలేను. ఇరవై వేలు చేతిలో పెట్టి కూతురికి హోటల్ పని అని చెబితే నమ్మిన పేదరాలు కావచ్చు. కానీ అసలు ప్రశ్న అది కాదు. ఏడు నెలలుగా ఆ స్త్రీని అడగకుండా అందరూ ఆమె గురించి నిర్ణయించారని వాదించడానికి వెళ్లిన నేను కూడా ఆమెను అడగలేదు. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో నన్ను ఇంతగా కలవరపెట్టిన తప్పు ఇంకొకటి లేదు. ఆ రాత్రి పిటిషన్ చించి మళ్లీ రాశాను. ఎవరికీ అప్పగించమని కోరలేదు. మేజర్ అయిన స్త్రీగా, తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్లనివ్వమని మాత్రమే కోరాను.

వాదన

చట్టం మా వైపు బలంగానే ఉంది. మూడు వారాల గడువు గురించి వేరే వాదన అక్కర్లేదు, క్యాలెండరే చాలు. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, రక్షణ గృహాలన్నిటినీ రాష్ట్రాలు సర్వే చేయాలని, తమ ఇష్టానికి విరుద్ధంగా నిర్బంధంలో ఉన్న మేజర్ స్త్రీల కేసులు సమీక్షించి నిర్ణీత కాలంలో విడుదల చేయాలని ఉంది. 2020 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ముగ్గురు మేజర్ యువతులను విడుదల చేస్తూ, నచ్చిన చోట ఉండే ప్రాథమిక హక్కు వాళ్లకు ఉందని చెప్పింది. ఆ తీర్పును మన కోర్టులు పాటించి తీరాలని లేదు. అయినా చదివి వినిపించాను.

ప్రభుత్వ న్యాయవాది సాక్షి భద్రత గురించి అడ్డుచెప్పారు. ఆయన ఆందోళన నిజాయితీగలదే. మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకాన్ని ముందు పెట్టాను. బెదిరింపు ఉంటే ఆ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు, సాక్షి ఇంటి దగ్గర పోలీసు నిఘా పెట్టవచ్చు, నిందితులు ఎదురుపడకుండా సాక్ష్యం తీసుకోవచ్చు. తాళం వేయమని మాత్రం ఆ పథకంలో ఎక్కడా లేదు. సెక్షన్ 164 వాంగ్మూలం వెంటనే నమోదు చేయించమని కూడా కోరాను. మూడో రోజున అది జరిగింది. రెండు గంటల పాటు, ఒక మహిళా మేజిస్ట్రేటు ముందు, ఆమె మొత్తం చెప్పింది.

తుది విచారణ రోజున మేజిస్ట్రేటు ఆమెను దగ్గరికి పిలిచి నేరుగా మాట్లాడారు. ఎక్కడ ఉంటావని అడిగారు. టౌనులో అద్దె గది చూశామని, హోంలో తనకన్నా ముందు విడుదలైన ఒకామె తోడుంటుందని, బట్టల దుకాణంలో కుట్టుపని ఒప్పుకున్నానని చెప్పింది. "ఒంటరిగా ఉండటానికి భయం లేదా?" అన్నారాయన.

"ఉంది సార్. గడియ లోపలి వైపు ఉంటే చాలు."

ఆయన కాసేపు ఏమీ రాయలేదు. తర్వాత స్టెనోకు ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు.

రిజిస్టరు

ఆమె విడుదలైంది. మిగిలిన పదమూడు మంది కాగితాలు అప్పటికే నా బల్ల మీద ఉన్నాయి. ఆమెతో కలిపి తొమ్మిది మందికి గడువు ముగిసి ఉంది. ఇద్దరికి ఏడాది ఉత్తర్వు ఉంది, కానీ అందులో కారణాలు రెండు వాక్యాలే, పెద్దమనుషుల బృందాన్ని పిలిచిన జాడ లేదు. ఒకామె పీటా చట్టం సెక్షన్ 19 కింద తనంతట తానే దరఖాస్తు పెట్టి వచ్చింది. మిగిలిన ఇద్దరూ భర్త కొట్టడంతో ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు. వాళ్లను నిర్బంధించమని ఏ కోర్టూ ఎన్నడూ చెప్పలేదు. వాళ్లు కూడా అదే గ్రిల్ వెనుక ఉన్నారు. బజారుకు వెళ్లి బిడ్డకు బిస్కెట్ కొనాలన్నా అనుమతి అడిగేవారు.

సూపరింటెండెంట్, నేను, వాలంటీర్ కూర్చుని ఒక పొడవాటి లెడ్జరుకు గళ్లు గీశాం. మొదటి గడిలో వచ్చిన తేదీ, రెండో గడిలో ఉత్తర్వు గడువు ముగిసే తేదీ, మూడో గడిలో ఇంకా రావలసిన కాగితం, నాలుగో గడిలో అది ఎవరు పంపాలి. ఐదో గడి వాలంటీర్ పట్టుబట్టి పెట్టించారు: ఆమె ఎక్కడికి వెళ్లాలనుకుంటోంది, ఆమె మాటల్లోనే. నా తప్పు చూసినందుకే ఆమె ఆ గడి అడిగారని నాకు తెలుసు. ప్రతి నెలా మొదటి సోమవారం ఆ పేజీ నకలు ఒకటి మేజిస్ట్రేటు కోర్టుకు, ఒకటి న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి.

మేము అడిగితే మేజిస్ట్రేటు ఇంకో షరతు చేర్చారు. అదే అసలు మలుపు అని నా అభిప్రాయం. గడువు ముగియడానికి ఏడు రోజుల ముందు వరకూ విచారణ నివేదిక రాకపోతే, హోం ఆ స్త్రీని తప్పనిసరిగా కోర్టు ముందు హాజరుపరచాలి. హాజరుపరచకపోతే సంజాయిషీ. అంటే ఎక్కువ కాలం ఉంచినందుకు కూడా ఇప్పుడు మెమో వస్తుంది. సూపరింటెండెంట్‌కు ఇది భారమవుతుందని అనుకున్నాను. ఆమె ఊపిరి పీల్చుకున్నారు. "ఇప్పుడు ఆలస్యమైతే ఎవరి బల్ల దగ్గర ఆగిందో రాసి ఉంటుంది కదమ్మా" అన్నారు.

మార్చి నాటికి గడువు ముగిసిన మిగిలిన ఎనిమిది మందీ బయటికి వెళ్లారు. ఐదుగురు సొంత ఇళ్లకు, ఇద్దరు పని దొరికిన చోటికి. ఒకామె గురించి కింద రాస్తాను. పగటిపూట గ్రిల్ తాళం తీసేశారు. ఆశ్రయానికి వచ్చినవాళ్లు సంతకం పెట్టి బజారుకు వెళ్లి రావచ్చు. ఫోను వారానికి రెండుసార్లు, వెనక గదిలో, తలుపు వేసుకుని. ప్యాడ్లు స్నానాల గది పక్కన అలమరలో ఉంటాయి, ఎవరినీ అడగక్కర్లేదు. చుక్క పెట్టిన పళ్లేలను నేను చూస్తుండగానే వంటామె బూడిదతో రుద్ది రుద్ది చెరిపింది. రిజిస్టరులో ఎర్ర సిరా గుర్తులున్న పేజీలను మూసిన కవరులో పెట్టి సీలు వేయించాం.

కుట్టుకూలి విషయంలో ఓడిపోయాను. యూనిఫారాల డబ్బు హోం నిర్వహణ ఖాతాలో కలిసిపోయిందని తేలింది. పాత నెలలకు ఎవరికీ పైసా రాలేదు. కొత్త పనికి కూలి ఎవరికి వాళ్ల బ్యాంకు ఖాతాలో వేయాలని రాసుకున్నారు. మూడు నెలలు వేశారు. తర్వాత ఆర్డర్లే ఆగిపోయాయి. ఏడాది ఉత్తర్వు ఉన్న ఇద్దరిలో ఒకామె కోసం సెషన్స్ కోర్టుకు అప్పీలు వేశాను. అది విచారణకు వచ్చేలోగా ఆమె ఏడాది పూర్తయింది.

మళ్లీ పుణె వెళ్లినామె

విడుదలైనవాళ్లలో ఒకరు రెండు నెలల్లో పుణె తిరిగి వెళ్లిపోయారు. ఆ వార్త చెబుతూ సూపరింటెండెంట్ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. "ఇక్కడ ఉంటే బతికేది కదమ్మా" అన్నారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. అయినా నా వైఖరి మారలేదు. మేజర్ అయిన స్త్రీ రేపు ఏమి చేస్తుందోనని ఈరోజు తాళం వేసే అధికారం ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదు. ఆమె ఎందుకు వెళ్లిందో చూడటం మన పని. ఆమె మీద మిగిలిన అప్పు, ఊళ్లో ఎవరూ కూలికి పిలవకపోవడం, పలకరింపులో ఎత్తిపొడుపు.

మూడు నెలల తర్వాత ఆమే నాకు ఫోను చేసింది. ఎర్ర చుక్క పళ్లేలలో రెండోది ఆమెది. మందులు అయిపోయాయని, హెచ్ఐవీ మందులిచ్చే అక్కడి ఏఆర్టీ కేంద్రంలో పాత పుస్తకం, బదిలీ కాగితం అడుగుతున్నారని చెప్పింది. అవి హోం బీరువాలోనే ఉండిపోయాయి. విడుదల హడావుడిలో బట్టల మూట ఇచ్చాం, ఆధార్ ఇచ్చాం, ప్రాణం నిలిపే మందుల పుస్తకం ఇవ్వడం మర్చిపోయాం. స్వేచ్ఛ కోసం అన్ని వాదనలు చేసిన నాకు అది గుర్తురాలేదు. కేంద్రం కౌన్సెలర్‌తో మాట్లాడి కాగితాలు పంపించేసరికి పదకొండు రోజులు మందు తప్పింది. అప్పటి నుంచి లెడ్జరులో ఆరో గడి ఉంది: మందులు, వైద్య కాగితాలు ఆమె చేతికి ఇచ్చిన తేదీ, సంతకం.

మొదట నన్ను వాయిదా అడిగిన ఆమె ఇప్పుడు టౌనులోనే ఉంది. 2023 జూన్‌లో బడులు తెరిచినప్పుడు కూతుర్ని తెచ్చుకుని దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో ఒకటో తరగతిలో చేర్చింది. తల్లి నెలకోసారి వచ్చి మనవరాలిని చూసి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. రాత్రి ఉండమని కూతురు ఇంకా అనలేదు. అనమని నేనూ చెప్పలేదు. కేసులో ఆమె సాక్ష్యం వేరే గది నుంచి వీడియోలో తీసుకున్నారు. మాట మార్చలేదు. విచారణ ఇంకా నడుస్తోంది.

ఈ నెల పేజీ నకలు నిన్న నాకు అందింది. హోంలో తొమ్మిది మంది ఉన్నారు. ఒకామెకు వచ్చే గురువారంతో మూడు వారాలు ముగుస్తాయి. మూడో గడిలో ఇంటి విచారణ నివేదిక రాలేదని ఉంది. ఐదో గడిలో, "మా పెద్దక్క దగ్గరికి, ధర్మవరం" అని ఆమె స్వయంగా రాసుకుంది. రేపు ఉదయం కోర్టు తెరవగానే ఆమె తరఫున మెమో వేస్తున్నాను.